గంజికి ముందు చిటికెడు

నేను ఒక కల్వాన్ని. నల్లరాతి కల్వాన్ని. జానెడున్నర పొడవు, నడుమ పడవలాంటి గుంట, ఒక అంచున పెచ్చు ఊడిన గుర్తు. మందులు నూరే రాయిని. తరవాత నన్ను తక్కువ చేసి చూడకుండా ముందే చెప్పేస్తున్నాను: వాగొడ్డుపాలెం చుట్టూ పద్నాలుగు ఊళ్ళలో, ముప్పై ఏళ్ళపాటు, విరేచనాలతో జారిన ప్రతి కడుపునూ కట్టించింది నేనే. నా గుంటలోంచి లేచిన మందు తిన్నాక కట్టని కడుపు లేదు. ఒక ఏడు నన్ను వాగులో ముంచి తీశారు. నాలుగో నాటికి వాగు కూడా కట్టుకుపోయింది. అది నడివేసవి అని కొందరు అంటారు. అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

నా పుట్టుక అంత గొప్పదేమీ కాదు. ఒడ్డె తిరుపాలు అని, కొండకింద రాళ్ళు కొట్టే మనిషి. పెళ్ళానికి కారం నూరుకునే రోలు చేసిద్దామని నన్ను మొదలుపెట్టాడు. గుండ్రంగా చెయ్యాలని ఆయన ఉద్దేశం, పొడుగ్గా పోవాలని నా ఉద్దేశం. పదకొండు రోజులు ఇద్దరం పట్టుపట్టాం. పన్నెండో నాడు ఉలి జారి అంచు పెచ్చు లేచింది. ఇంటికి మోసుకుపోతే ఆ ఇల్లాలు చూసి, ఇది రోలా, పందులకు కుడితి పోసే తొట్టా అని అడిగింది. ఆ వారమే తిరుపాలుకు కడుపు జారింది. కొండ దగ్గరి నుంచి మంచం మీద మోసుకొచ్చి వాగొడ్డుపాలెంలో జంగం సాంబలింగం అరుగు మీద దింపారు. మూడో నాటికి లేచి నడిచాడు. నడిచిన కాళ్ళతోనే వెనక్కి పోయి, నన్ను తెచ్చి వైద్యుడి ముందు పెట్టి దణ్ణం పెట్టాడు. కారానికి పనికిరాని రాయి మందుకు పనికొచ్చింది. మనుషుల్లోనూ ఇట్లా జరుగుతుందట. నేను చూసినంతవరకు అరుదు.

సాంబలింగానికి అప్పుడు ముప్పై దాటి రెండో మూడో ఏళ్ళు. నుదుట విభూతి, మెడలో లింగం, చేతిలో ముక్కుపొడి డబ్బీ. ఆ పొడి పీల్చి పీల్చి ఆయన ముక్కు ఏనాడో చచ్చిపోయింది. మల్లెపూల వాసనా ఒకటే, పశువుల కొట్టం వాసనా ఒకటే. ఆయన అరుగు మీదికి వచ్చే జనాన్ని బట్టి చూస్తే అది వరమే.

ఆ వచ్చే జనం సంగతి కొంచెం చెప్పాలి. ఎన్ని జబ్బులున్నా మనిషి సిగ్గుపడేది ఈ ఒక్క జబ్బుకే. జ్వరం వచ్చినవాడు గడప దగ్గరి నుంచే జ్వరమని అరుస్తాడు. ఇది వచ్చినవాడు ముందు వాన సంగతి మాట్లాడతాడు, తరవాత ఎద్దు సంగతి. ఆ మధ్యలో రెండుసార్లు లేచి చెంబు పట్టుకుని పోయివస్తాడు. అప్పటికీ అసలు సంగతి చెప్పడు. సాంబలింగమే ఎన్నిసార్లు అని అడిగేవాడు. మగవాళ్ళు తగ్గించి చెప్పేవాళ్ళు. అత్తలు కోడళ్ళవి పెంచి చెప్పేవాళ్ళు. ఆయన మోచేతి కింద చర్మం రెండు వేళ్ళతో ఎత్తి వదిలి, అది ఎంతసేపటికి సర్దుకుంటుందో చూసి, అసలు లెక్క తానే కట్టుకునేవాడు. "తోలు నిలబడితే మనిషి నిలబడడు" అనేది ఆయన మాట.

పసిబిడ్డలకైతే నా అంచున జాజికాయ రెండు చుట్లు అరగదీసి తల్లిపాలతో నాకించేవాడు. జిగట పడుతుంటే మామిడి జీడి పొడి మజ్జిగలో కలిపి ఇచ్చేవాడు. ఇవి అందరికీ తెలిసినవే. ఆయన పేరు నిలబెట్టింది మాత్రం నాలుగు సరుకుల మందు. దానిమ్మకాయ తొక్క, మారేడు పిందె వరుగు, కొడిసెపాల బెరడు, శొంఠి. మీకు చెబుతున్నాను గాని ఆయన కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. మూలిక పేరు బయటికి చెబితే గుణం పోతుందని వాళ్ళ తాత ఆయనకు చెప్పిపోయాడు. అందుకని తలుపు మూసుకుని నూరేవాడు. ఒక్కో సరుకు ఒక్కో ఊరి నుంచి తెచ్చేవాడు. నాతో మాట్లాడేటప్పుడు కూడా తూర్పుది, పడమటిది, ఎర్రది, ఘాటుది అనేవాడు తప్ప పేరెత్తేవాడు కాదు. రాయి వింటే గుణం ఎక్కడికి పోతుందో నేను అడగలేకపోయాను.

నూరిన మందు నిలవ పెట్టడం కూడా తప్పే. ఎప్పటి మనిషికి అప్పుడే నూరాలి. ఇంకొకటి, వైద్యుడు తన చేత్తో నూరిన మందు తన నోట వేసుకోకూడదు. రుచికైనా సరే. ఇవన్నీ తాతగారి ఆజ్ఞలు. ఆ తాతగారు ఏం జబ్బుతో పోయాడో నాకు తెలియదు. ఊహించగలను.

ఈ మందుకు అనుపానం గంజి. అనుపానమంటే మందును లోపలికి తీసుకుపోయే తోడు. మందు చిటికెడు నాలుక మీద వేసి, వెనకాలే అరచెంబు గంజి తాగాలి. మళ్ళీ వెళ్ళివచ్చిన ప్రతిసారీ చిటికెడు, అరచెంబు. ఆ గంజి కాచేది ఆయన భార్య బసవమ్మ. గుప్పెడు బియ్యం మెత్తగా ఉడకనిచ్చి, పలచగా జారేట్టు చేసి, ఉప్పు తగిలించి, రోగి వాకిట్లో ఉన్నంతసేపూ పొయ్యి ఆర్పకుండా కాచేది. మొండికేసినవాళ్ళ ముక్కు పట్టుకుని తాగించేది. లేచి నడిచినవాళ్ళు సాంబలింగానికి దణ్ణం పెట్టి పోయేవాళ్ళు. గంజికి ఎవరూ దణ్ణం పెట్టరు.

"పల్లకీలో కూర్చున్నోడు రాజు. బోయీలు మోస్తారు, అంతే" అనేవాడు సాంబలింగం, మందునూ గంజినీ పోలుస్తూ.

"రాజు చిటికెడున్నాడు, బోయీలు చెంబెడున్నారు" అనేది బసవమ్మ పొయ్యి దగ్గరి నుంచి.

ఇట్లా ముప్పై ఏళ్ళు జరిగింది. తరవాత ఒక శ్రావణమాసంలో ఊళ్ళో ఎవరో కొత్త ఇంట్లో దిగారు. భోజనాలు పెట్టారు. పద్నాలుగు ఊళ్ళకు పథ్యం చెప్పి చెప్పి సాంబలింగం లోపల పేరుకుపోయిన ఆకలి అంతా ఆ రోజు పులిహోర మీదికి దిగింది. అక్కడ తిన్నది చాలక తపేలాడు ఇంటికి తెచ్చుకున్నాడు. మర్నాడు పొద్దున బసవమ్మ మూత తీసి చూసి, జిగురొచ్చింది, పారబోస్తానంది. ఆయన వాసన చూశాడు. ఆయన ముక్కుకు అది బాగానే ఉంది. తిన్నాడు.

మధ్యాహ్నానికి మొదలైంది. సాయంత్రానికి ఎనిమిది. తెల్లారేసరికి ఆయనే లెక్క మరిచిపోయాడు. చెంబు పట్టుకుని పోయిన మనిషి పెరటి గోడ పట్టుకుని వచ్చి, నులక మంచం మీద వాలి, ఇక లేవలేకపోయాడు. కళ్ళు లోపలికి పోయాయి. మాట గొంతులోనే ఆరిపోతోంది. బసవమ్మ ఆయన మోచేతి కింద చర్మం రెండు వేళ్ళతో ఎత్తి వదిలింది. ఎత్తింది ఎత్తినట్టే నిలబడింది. ఆవిడ చాలాసేపు ఆ మడత వంకే చూస్తూ కూర్చుంది.

పట్నం ఆసుపత్రికి తీసుకుపోదామని తిరుపాలుకు కబురంపింది. తిరుపాలు బండి కట్టుకుని వాగుదాకా పోయి, ఎద్దుల మెడ మునిగే నీళ్ళున్నాయని తిరిగొచ్చాడు. పై వానలకు వాగు పొంగింది. రెండు రోజులు దాటడానికి లేదు. ఉన్నదల్లా ఆ ఇల్లు, నేను, గంజికుండ.

బసవమ్మ గంజి చెంబు తెచ్చింది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

"మందు పడకుండా ఉత్త గంజి దిగితే రోగం పెరుగుద్ది. తెలిసే తెస్తన్నావా?"

"అయితే మందు నూరుకో."

"నేను నూరింది నా నోట్లో పడకూడదు."

"పేర్లు చెప్పు. నేను నూరతా."

"చెప్తే గుణం పోద్ది."

"మరెట్టా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తాతగారి ఆజ్ఞలు ఒక్కొక్కటి విడిగా ఎంత బాగుండేవి. అన్నీ కలిసి ఒకే నోటికి తాళం వేస్తాయని ముప్పై ఏళ్ళలో ఆయనకు తట్టలేదు. తట్టాక కూడా, తాళం బాగా పడిందనే సంతోషమే కనిపించింది గాని బాధ కనిపించలేదు.

మూలికల కొట్టు చెన్నకేశవులు శెట్టి పలకరించడానికి వచ్చాడు. ఆయనే ఉపాయం చెప్పాడు. నూరిన కల్వం ఇక్కడే ఉంది కదా, వాసన పట్టి సరుకులు చెప్పేస్తాను, నలభై ఏళ్ళుగా ఇదే కదా నా పని అన్నాడు. నన్ను ఒళ్ళో పెట్టుకుని ముక్కు గుంటలో దూర్చాడు. ముందు శొంఠి అన్నాడు. బాగానే చెప్పాడు. తరవాత వాము అన్నాడు, పిప్పళ్ళు అన్నాడు, అతిమధురం, కరక్కాయ, ఇంగువ అన్నాడు. ముప్పై ఏళ్ళ దగ్గులూ వాతాలూ గజ్జీ అన్నీ నాలోనే నూరారు మరి. చివరికి తలెత్తి, "అమ్మా, దీంట్లో నా కొట్టంతా ఉంది" అన్నాడు.

తిరుపాలు నన్ను తీసుకుని నాలుకతో తాకి చూశాడు. ఏం తెలిసిందని శెట్టి అడిగాడు.

"రాయే" అన్నాడు తిరుపాలు.

సాంబలింగం మంచం మీది నుంచి సగం కన్ను తెరిచి ఇదంతా చూస్తున్నాడు. తన గుట్టు దొరకలేదని తెలిసి ఆ ఎండిపోయిన పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. చావుకు అంత దగ్గరగా ఉండి అంత తృప్తిగా ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ నవ్వు బసవమ్మ కూడా చూసింది. లేచింది. శెట్టిని, తిరుపాలును అరుగు మీద కూర్చోమంది. నన్నూ నూరే పొత్రాన్నీ ఎత్తుకుని లోపలి గదిలోకి పోయి తలుపు వేసింది. ముప్పై ఏళ్ళు ఆవిడ మొహం మీద పడిన తలుపు అది. గడియ ఎటు తిప్పాలో ఆవిడకు తెలియక కాసేపు పట్టింది. పిడికెడు బియ్యం వేయించి నాలో పోసింది. నూరింది. గబగబా నూరలేదు. ఆయన ఎంతసేపు నూరతాడో అంతసేపూ, ఆయన లాగానే మూడు చుట్లకొకసారి ఆగి, అంచున పొత్రం తట్టి, మళ్ళీ నూరింది. బయట మంచం కిర్రుమంది.

"ఏం నూరతన్నావే?" అన్నాడాయన. గొంతు గడపదాకానే వచ్చింది.

ఆవిడ పొడిని పాతబెల్లంతో పిసికి శనగగింజంత ఉండలు చేసింది. ఆకులో పెట్టుకుని, గంజి చెంబు పట్టుకుని, తలుపు తీసుకుని వచ్చింది.

"నోరు తెరువు."

"ఏందది?"

"మందు."

"ఏం మందు?"

"పేరు చెప్తే గుణం పోద్ది."

ఈ మాట ఆయనదే. ముప్పై ఏళ్ళుగా పద్నాలుగు ఊళ్ళ జనం నోరు మూయించిన మాట. చివరికి అడిగాడు.

"యాడిది?"

"మా పుట్టింటిది. ఆడోళ్ళు ఆడోళ్ళకే చెప్తారు."

"ఇన్నాళ్ళూ అనలేదే?"

"నువ్వన్నావా?"

నోరు తెరిచాడు. ఉండ పడింది. వెనకాలే గంజి. ఒకేసారి పోయలేదు ఆవిడ. గుక్క, ఆగడం, మళ్ళీ గుక్క. ఒకసారి వాంతి అయింది. తుడిచి, కాసేపు ఆగి, మళ్ళీ మొదటి గుక్క నుంచి మొదలుపెట్టింది. పోయిన ప్రతిసారీ ఉండ, అరచెంబు. అరుగు మీద శెట్టి, తిరుపాలు కూర్చునే ఉన్నారు. ఇంటికి పొమ్మంటే పోలేదు. తిరుపాలు పొయ్యిలోకి కట్టెలు చీల్చి పెట్టాడు. ఆ పూట ఎన్ని చెంబులు పోయాయో నేను లెక్కపెట్టలేదు. కుండ అడుగు రెండుసార్లు కనిపించింది.

పొద్దు వాలే వేళకు మంచం దగ్గర నుంచి ఆయన ఏదో గొణిగాడు. బసవమ్మ చెవి దగ్గర పెట్టి విని, ఆయన్ను లేపి పట్టుకుని పెరట్లోకి నడిపించింది. తిరిగొచ్చి అరుగు మీద ఉన్న ఇద్దరితో, ఒంట్లో నీరు నిలిచింది, మూత్రం వచ్చిందని చెప్పింది. చెప్పి చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. శెట్టి లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తి శివుడికి మొక్కాడు. ఆ దేవుడికి అటువంటి విషయం మీద అంత భక్తిగా మొక్కు అంది ఉండదు.

మూడో నాడు సాంబలింగం గోడకు ఆనుకుని కూర్చుని మజ్జిగన్నం అడిగాడు.

ఇక్కడ నేను ఒక లెక్క సరిచెయ్యాలి. వేయించిన బియ్యం ఉండకు కడుపు కట్టే శక్తి ఉందంటే నేను నమ్మను. ఉంటే, పూటపూటా బియ్యం ఉడకేసుకుని తినే దేశంలో వైద్యుడి అవసరమే రాదు. అంటే ఆయన్ను నిలబెట్టింది గంజి. ఒక మనిషిని నిలబెట్టిన గంజి ముప్పై ఏళ్ళుగా మిగతా మనుషుల కడుపుల్లో ఊరికే కూర్చుని ఉంటుందా? కాబట్టి మొదట్లో నేను చెప్పుకున్న గొప్పలో సగం గంజికుండకు ఇచ్చేస్తున్నాను. మిగిలిన సగంలో సగం, ఎవరేం చేసినా చెయ్యకపోయినా మూడో నాటికి వాటంతట అవే కట్టుకునే కడుపులు. ఇక ఉన్న పావు నాది. అందులో నాలుగు సరుకులు వాటా అడుగుతున్నాయి. పొత్రం కూడా అడుగుతోంది.

ఒంట్లో బాగయ్యాక సాంబలింగానికి కొత్త జబ్బు పట్టుకుంది. ఆ ఉండలో ఏముందో తెలియాలి. నన్ను వెలుగులో పెట్టి చూశాడు. గుంట గోకి వేలు నాకాడు. పనికిరాని ముక్కుతో పీల్చాడు. బసవమ్మ పుట్టింటి ఊరు మీదుగా ఏదో పని కల్పించుకుని పోయి, వాళ్ళ మేనత్తను మాటల్లో పెట్టి, ఏమీ రాబట్టలేక వచ్చాడు. ఒక రోజు అన్నం తింటూ అన్నాడు:

"ఏమే, నా నాలుగూ చెప్తా. నీదొక్కటి చెప్పు."

"నీవి నాకెందుకయ్యా. దాచుకో, గుణం పోద్ది" అని మజ్జిగ పోసింది.

ఆ తరవాత వారం శెట్టికే కడుపు జారింది. అరుగు మీద కూర్చుని వాన సంగతి మొదలుపెట్టాడు. సాంబలింగం ఆయన మాట మధ్యలో ఆపి, "లోపలికి పోండి శెట్టిగారూ. ఆమె మందు నా మందు కంటే గట్టిది. నేను తిని చెప్తన్నా" అన్నాడు. వైద్యుడు మందు తిని చూసి చెప్పడం ఆ చుట్టుపక్కల అదే మొదలు. జనానికి ఎక్కడలేని నమ్మకం కుదిరింది.

అప్పటి నుంచి ఆ జబ్బుకు నన్ను పట్టుకునే చెయ్యి మారింది. తలుపు మూసుకుని బసవమ్మ నూరేది. గంజి కాచే పని సాంబలింగం మీద పడింది. మొదట్లో అడుగంటించేవాడు. ఉప్పు మరిచిపోయి, రెండోసారి వేసి, మరిచిపోయానేమోనని మూడోసారి వేసేవాడు. ఏడాది తిరిగేసరికి చెయ్యి కుదిరింది. మొండికేసినవాళ్ళ ముక్కు పట్టుకుని తాగించేవాడు. మోకాళ్ళు పట్టేసినా చెంబు మోయడం మానలేదు. పదకొండేళ్ళు అట్లా జరిగాక ఆయన ఒక పగలు కునుకులోనే పోయాడు. కడుపు జబ్బుతో కాదు, అది రాసుకోండి. మరి మూడేళ్ళకు ఆవిడ.

ఆ ఇంట్లోనే ఇప్పుడు ఆరోగ్య ఉపకేంద్రం పెట్టారు. నర్సమ్మ పేరు సులోచన. గాలికి తలుపు పడకుండా నన్ను అడ్డం పెట్టింది. మూసుకునే తలుపు వెనక బతికిన నేను ఇప్పుడు తలుపు తెరిచి ఉంచే ఉద్యోగం చేస్తున్నాను. ఆవిడ దగ్గర ఉప్పూ చక్కెరా కలిసిన పొట్లాలు ఉంటాయి. కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, పిల్లవాడు వెళ్ళిన ప్రతిసారీ కొంచెం కొంచెం తాగించమంటుంది. పొట్లం దొరకకపోతే ఉప్పు వేసిన గంజి అయినా పట్టమంటుంది. కళ్ళు పీక్కుపోయినా, నెత్తురు పడినా ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పొమ్మంటుంది. తల్లులు అంతా విని, "మరి మందో?" అంటారు. అప్పుడు ఒక చిన్న బిళ్ళ కూడా చేతిలో పెడుతుంది. అది మంచి బిళ్ళేనట, పద్నాలుగు రోజులు వెయ్యాలట. నేను చూసింది మాత్రం ఇది: బిళ్ళ చేతిలో పడ్డాక గాని వాళ్ళకు నీళ్ళ మీద నమ్మకం కుదరదు.

ఇక ఒక్క మాట ఉంది. అది చెప్పకపోతే నిద్రపట్టదు. రాయికి నిద్రేమిటని అడగకండి. ఇంతసేపు చెప్పినదాంట్లో వేయించిన బియ్యం నేను కల్పించింది. ఆ రోజు తలుపు వేసుకుని బసవమ్మ నాలో పోసినవి దానిమ్మ తొక్క, మారేడు పిందె, కొడిసెపాల బెరడు, శొంఠి. పాళ్ళు కూడా తప్పలేదు. పిందెలు పెరట్లో ఎండుతుంటే కోళ్ళను అదిలించింది ఆవిడ. తొక్కలు చూరులోంచి రాలితే ఏరి మళ్ళీ పెట్టింది ఆవిడ. ఆయన మూసింది తలుపు ఒక్కటే. కాపురానికి వచ్చిన ఏడాదే ఆవిడకు అంతా తెలిసిపోయింది. తెలుసని తెలిస్తే గుణం పోయిందని ఆయన వైద్యమే మానేస్తాడు కాబట్టి తెలియనట్టు ఉండిపోయింది. వాసన తెలియని ముక్కు, ఆ మందు ఒక్కనాడూ ఎరగని నాలుక, పైన పాతబెల్లం. ఆయన పోల్చుకోలేకపోయాడు. అంతకాలం నన్ను పట్టుకున్న చెయ్యి ఆయనది కదా, గుట్టు దొరకలేదనే ఆయన పరువు నిలుపుదామని బియ్యం అన్నాను. దాంతో గంజికీ నాకూ మధ్య నేను వేసిన వాటాల లెక్క చెడిపోయింది. చెడిపోనివ్వండి. ఇద్దరం ఒక ఇంటివాళ్ళమే.

పదకొండేళ్ళపాటు ఆయన గంజి చెంబుతో అరుగు మీద నిలబడి, ఈ మందు ముందు నా మందు ఎందుకూ పనికిరాదని వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాడు. తలుపు వెనక బసవమ్మ వింటూ నూరుతూ ఉండేది. ఒక్కనాడూ నవ్వలేదు. అది కల్పన కాదు.